అడుగుకి ఎంత అనే ముందు అడుగున ఏముందో

సొంతిల్లు కట్టుకునే మధ్యతరగతి కుటుంబం పునాదికి, శ్లాబుకి ఇంజినీరు సలహా తీసుకుంటుంది. టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతుంది. గుమ్మానికి టేకా, వేపా అని వారం రోజులు తర్జనభర్జన పడుతుంది. గేటు దగ్గర్నుంచి గుమ్మం దాకా, కారు నిలిపే జాగాలో కాంక్రీటు పోయాల్సిన రోజు వచ్చేసరికి చేతిలో సొమ్ము, మనసులో ఓపిక రెండూ అడుగంటుతాయి. గృహప్రవేశం ముహూర్తం నెత్తిమీద కూర్చుని ఉంటుంది. అప్పుడు దొరికిన మేస్త్రిని పిలిచి అడిగే ప్రశ్న ఒక్కటే: ‘‘అడుగుకి ఎంత?’’

మేస్త్రి ఒక రేటు చెబుతాడు. ఇంటాయన తగ్గించమంటాడు. ఎక్కడో ఒక చోట బేరం తెగుతుంది, బయానా చేతులు మారుతుంది, మర్నాడు కాంక్రీటు కలిపే మిల్లర్ వచ్చి వీధిలో దిగుతుంది. మందం ఎంత, కింద ఏం పరుస్తారు, సిమెంటు ఎన్ని బస్తాలు, నీళ్లు ఎవరు కొలుస్తారు, పోశాక ఎన్నాళ్లు తడపాలి, ఆ తడిపేది ఎవరు? ఈ ప్రశ్నల్లో ఒక్కటీ ఆ బేరంలో తేలదు. చదరపు అడుగు లెక్కలో పొడవు, వెడల్పు మాత్రమే ఉంటాయి, లోతు ఉండదు. కాంక్రీటు మన్నేదీ మన్ననిదీ నిర్ణయించేది ఆ లోతే. రెండు వానాకాలాలు గడిచేసరికి అడ్డంగా నెర్రె పడుతుంది, గేటు దగ్గర ఒక మూల కుంగుతుంది, పైపొర పెచ్చులుగా లేచి చీపురు వెంట వస్తుంది. ‘‘మేస్త్రి మోసం చేశాడు’’ అని ఇల్లంతా అనుకుంటుంది. అందులో సగమే నిజం. మిగతా సగం బేరమాడిన తీరులో ఉంది.

ఒక లెక్క చూద్దాం. కారు ఒకటి పట్టే జాగా 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, అంటే 200 చదరపు అడుగులు. నాలుగు అంగుళాల మందాన పోస్తే దాదాపు 67 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. మీటర్ల లెక్కలో అది 1.9 క్యూబిక్ మీటర్లు. ఒక పాలు సిమెంటుకి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర కలిపే ఎం20 కాంక్రీటుకి క్యూబిక్ మీటరుకి ఎనిమిది బస్తాలు లెక్క. కాబట్టి 15 బస్తాలు కావాలి. అదే మందాన్ని మూడు అంగుళాలకు దించితే 11 బస్తాలతో పని తెమిలిపోతుంది. మిగిలిన నాలుగు బస్తాలకు బస్తా 350 రూపాయల చొప్పున వేసుకున్నా 1,400. వాటితో పాటు మిగిలిన ఇసుక, కంకర కలిపితే రెండు వేలు దాటుతుంది. అడుగుకి పది రూపాయలు తగ్గించమని గట్టిగా పట్టుబట్టిన ఇంటాయన మిగుల్చుకున్నది కూడా రెండు వేలే. ఆ రెండు వేలు మేస్త్రి జేబులోంచి రాలేదు, ఇంటి ముందు పలకలోంచి వచ్చాయి.

అంగుళమే కదా అనిపించవచ్చు. కాంక్రీటు పలక విరగకుండా మోసే శక్తి మందంతో పాటు సమానంగా పెరగదు, మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నాలుగు నాలుగులు 16, మూడు మూళ్లు 9. పావు వంతు మందం పోతే బలంలో దాదాపు 44 శాతం పోతుంది. కారు ఒక్కటే ఎక్కే చోట నాలుగు అంగుళాలు చాలు. అయితే హైదరాబాద్ లాంటి చోట వేసవి వచ్చిందంటే నీళ్ల ట్యాంకర్ గేటు లోపలికి రావలసిందే. ఐదు వేల లీటర్ల ట్యాంకర్‌లో నీళ్ల బరువే ఐదు టన్నులు, బండి బరువు దానికి అదనం. అలాంటి ఇంటికి ఆరు అంగుళాలు అవసరమవుతాయి. ఏ బండి ఎక్కుతుందో మేస్త్రికి ముందే చెప్పాల్సిన బాధ్యత ఇంటివాళ్లది. చెప్పకపోతే అతను వీధిలో అందరికీ పోసినట్టే పోస్తాడు.

మందం తర్వాత నేల. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ జిల్లాల్లో నల్లరేగడి మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఎండాకాలం ఆ నేల అరచెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది, వాన పడగానే ఉబ్బుతుంది. పైన పలకను ఎంత బలంగా పోసినా, కింద నేల ఏటా లేచి పడుతుంటే అది నిలవదు. ఇక కొత్త ఇళ్లకు రేగడి లేకపోయినా వేరే తంటా ఉంది. పునాది గోతులు పూడ్చిన వదులు మట్టి, అందులో ఇటుక ముక్కలు, ఖాళీ సిమెంటు సంచులు, సెంట్రింగ్ చెక్కల తునకలు అన్నీ సరిగ్గా పార్కింగ్ జాగా కిందే ఉంటాయి. దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే మొదటి పెద్ద వానకే కింద మట్టి దిగి, పలక గాలిలో తేలుతుంది. ఆ తర్వాత కారు చక్రం ఎక్కిన చోట విరగడం ఖాయం.

చేయవలసింది పెద్ద రహస్యం కాదు. పై మట్టి, చెత్త తీసేసి ఆరంగుళాల మేర మొరం లేదా గ్రావెల్ పరిచి, నీళ్లు చల్లి, దిమ్మిసతోనో అద్దెకు దొరికే కంపాక్టర్‌తోనో రెండు వరసలుగా కుదించాలి. మడమతో గట్టిగా తొక్కితే గుంట పడకూడదు. రేగడి అయితే ఇంకాస్త లోతు తీసి ఆ మట్టినే మార్చాలి. ఇది ఒక రోజు పని. పోసిన తర్వాత ఎవరికీ కనపడదు కాబట్టి అన్నిటికన్నా ముందు ఎగిరిపోయేది ఈ రోజే. అందుకే కాంక్రీటు పోసే రోజుకి ఒక రోజు ముందు, కుదించిన నేలను ఇంటివాళ్లు స్వయంగా నడిచి చూడాలన్న షరతు బేరంలో ఉండాలి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. నీళ్లు.

1918లో షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో డఫ్ ఏబ్రమ్స్ అనే పరిశోధకుడు వేల కొద్దీ నమూనాలు పగలగొట్టి చూసి ఒక సూత్రం తేల్చాడు. కాంక్రీటు బలం ప్రధానంగా సిమెంటుకి, నీళ్లకి మధ్య ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. నీళ్లు పెరిగేకొద్దీ బలం పడిపోతుంది. సిమెంటు గట్టిపడే రసాయన చర్యకు దాని బరువులో నాలుగో వంతు నీళ్లు చాలు. మిగిలిన నీళ్లు కలపడానికి, సర్దడానికి పనికొస్తాయి. పని అయ్యాక అవి ఆవిరై పోతూ కాంక్రీటు లోపల సన్నని ఖాళీలు వదిలి వెళతాయి. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. పాళ్లతో కలిపే ఎం20కి 50 కిలోల బస్తా ఒక్కంటికి 30 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదు.

పని జరిగే చోట నిలబడి చూస్తే ఆ 30 లీటర్లు ఎక్కడా కనపడవు. మిల్లర్ పక్కన ఒక పైపు నిరంతరం పారుతూ ఉంటుంది. ఆపరేటర్ కంటితో చూసి, కాస్త బిగువుగా అనిపిస్తే ఇంకో బొచ్చె పోస్తాడు. దోసెల పిండిలా జారే కాంక్రీటు తట్టల్లోంచి తేలిగ్గా పడుతుంది, బద్దతో లాగితే వెంటనే మట్టానికి వస్తుంది, కూలీల నడుం నొప్పి తగ్గుతుంది. బస్తాకి ఐదు లీటర్లు ఎక్కువ పోస్తే నిష్పత్తి 0.6 నుంచి 0.7కి వెళుతుంది. బలంలో సుమారు ఐదో వంతు అక్కడే కరిగిపోతుంది. నిన్న రాత్రి వాన కురిసి ఇసుక తడిసి ఉంటే, ఒక బస్తాకి కలిపే ఇసుకలోనే నాలుగు లీటర్ల దాకా నీళ్లు దాగి ఉంటాయి. దాన్ని ఎవరూ లెక్కలోంచి తీసెయ్యరు.

మేస్త్రిని దొంగ అనేముందు ఒకటి ఆలోచించాలి. గట్టి కాంక్రీటు సర్దడానికి వైబ్రేటర్ కావాలి, ఇద్దరు మనుషులు ఎక్కువ కావాలి, సమయం ఎక్కువ కావాలి. బేరంలో వీటికి డబ్బు లేదు. నీళ్లు ఉచితం. ఏ మేస్త్రి అయినా ఉచితంగా దొరికే సాయాన్నే వాడుకుంటాడు. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క సలహా మాత్రమే పాటించగలిగేవాళ్లు దీన్ని పాటించండి: పోసే రోజున పైపు కట్టేయించండి. 200 లీటర్ల డ్రమ్ములు పెట్టించండి. పైన చెప్పిన పార్కింగ్‌కి 15 బస్తాలు, బస్తాకి 30 చొప్పున 450 లీటర్లు. రెండు డ్రమ్ములు, మూడో దాంట్లో పావు. మొత్తం పనికి అంతకు మించి నీళ్లు ఖర్చు కాకూడదు. దీనికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. ఇంట్లో పదో తరగతి పిల్ల కూడా డ్రమ్ములు లెక్కపెట్టగలదు. వైబ్రేటర్ అద్దె విడిగా ఇస్తామని ముందే చెబితే మేస్త్రికి నీళ్లు ఎక్కువ పోయాల్సిన అవసరం కూడా పోతుంది.

ఏ నీళ్లన్నది ఇంకో ప్రశ్న. మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పు. ఇనుము వేసిన కాంక్రీటులో కలిపే నీళ్లలో లీటరుకి 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటకూడదని, ఇనుము లేని దానిలో 2,000 దాకా ఫర్వాలేదని అదే ప్రమాణం చెబుతోంది. నోట్లో పోసుకుని ఉప్పగా ఉందని ఉమ్మేసే నీళ్లను కడ్డీల మీద పోస్తే కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటుని లోపల్నుంచి చీలుస్తుంది. తాగే నీళ్లు పోయడం క్షేమం.

కాంక్రీటు పోసి మట్టం చేశాక పైకి నీళ్లు తేలతాయి. ఆ తేలిన నీళ్లను పీల్చడానికి పొడి సిమెంటు చల్లి, వెంటనే తాపీతో నున్నగా పాముతారు. ఆ సాయంత్రం అది అద్దంలా మెరుస్తుంది, ఇంటివాళ్లు మురిసిపోతారు. నిజానికి అక్కడ తయారైంది నీళ్లెక్కువైన పల్చటి చర్మం. ఏడాది తిరిగేసరికి పెచ్చులుగా లేచేది అదే. తేలిన నీళ్లు వాటంతట అవి ఆరేదాకా ఆగి, అప్పుడు తాపీ పట్టాలి. పైగా కారు ఎక్కే చోట, ముఖ్యంగా ర్యాంపు మీద, నునుపు ప్రమాదం. వానలో పెద్దవాళ్లు జారి పడేది అక్కడే. తడి ఆరకముందు గట్టి చీపురుతో అడ్డంగా గీతలు గీయిస్తే చక్రానికీ కాలికీ పట్టు ఉంటుంది. ముగ్గు పెట్టుకోవడానికి గుమ్మం ముందు నాలుగు అడుగులు నున్నగా వదిలితే సరిపోతుంది.

ఇనుము గురించి ఒక అపోహ ఉంది, దాన్ని తీసెయ్యాలి. కడ్డీలు వేస్తే నెర్రెలు రావని నమ్ముతారు. కడ్డీ నెర్రెను ఆపదు, పడిన నెర్రె విచ్చుకోకుండా పట్టి ఉంచుతుంది, అది కూడా పలక మందంలో పైభాగాన ఉంటేనే. నేల మీద పరిచి, ‘‘పోసేటప్పుడు పైకి లాగుతాంలెండి’’ అనే మాట ప్రతి సైటులోనూ వినపడుతుంది. పది మంది తొక్కుతూ తిరిగే చోట లాగిన కడ్డీ మళ్లీ కిందికే పోతుంది. కింద కవర్ బ్లాకులు పెట్టాలి. లేదంటే ఆ ఇనుము డబ్బు మట్టిలో పాతిపెట్టినట్టే.

నెర్రెల్ని నిజంగా అదుపు చేసేది జాయింట్లు. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. చిరగడానికి మనం దారి చూపించకపోతే తన దారి తనే వెతుక్కుంటుంది. నాలుగు అంగుళాల పలకకు ఎనిమిది నుంచి పది అడుగులకొకటి చొప్పున, మందంలో పావు వంతు లోతున గీత కోయించాలి. పది ఇరవై జాగాకి మధ్యలో ఒక్క గీత. పోసిన మర్నాటి లోపు కట్టర్‌తో కోస్తే అరగంట పని. గోడలు, స్తంభాలు తగిలే చోట పల్చటి థర్మోకోల్ పట్టీ పెడితే పలక వాటిని నెట్టదు. ఇంత చిన్న పనిని మన పట్టణాల్లో దాదాపు ఎవరూ చేయించుకోకపోవడం బాధ కలిగిస్తుంది.

తర్వాతిది తడపడం. శ్లాబు మీద ఇసుకతో మళ్లు కట్టి నీళ్లు నింపడం మనవాళ్లకు బాగా తెలుసు. శ్లాబుకి పద్నాలుగు రోజులు శ్రద్ధగా తడిపే కుటుంబమే పార్కింగ్‌కి వచ్చేసరికి రెండు రోజులకు ఆపేస్తుంది. మూడో రోజు బైకు ఎక్కిస్తుంది, ఐదో రోజు టైల్స్ లారీని లోపలికి రమ్మంటుంది. ఇప్పుడు బజారులో దొరికే సిమెంటులో ఎక్కువ భాగం థర్మల్ విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే బూడిద కలిపిన పీపీసీ. అది మంచి సిమెంటే, దీర్ఘకాలంలో బాగా గట్టిపడుతుంది, కాకపోతే నిదానంగా గట్టిపడుతుంది. బూడిద కలపని పాతకాలపు ఓపీసీకి ఏడు రోజుల తడి కనీసమైతే, బూడిద కలిసిన సిమెంటుకి పది రోజులు కనీసమని, ఎండ తీవ్రంగా ఉంటే పద్నాలుగు దాకా పొడిగించమని ఐఎస్ 456 చెబుతోంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మిట్టమధ్యాహ్నం పోసిన పలక మీద సాయంత్రానికే సన్న గీతలు కనపడతాయి. అక్కడ తెల్లవారుజామునే పోయాలి, గట్టిపడగానే తడి గోనె సంచులు కప్పాలి. కారుని వారం లోపు, బరువు లారీని 28 రోజుల లోపు ఎక్కించకూడదు.

ఈ తడిపే పని ఎవరిది? గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. మేస్త్రి పోసి వెళ్లిపోతాడు, ఇంటివాళ్లు అతను మనిషిని పంపిస్తాడనుకుంటారు. ఇద్దరూ తడపరు. ఇంటివాళ్లే తడపడం తేలిక, మంచిది కూడా. ఆ మాట ముందే తేల్చుకోవాలి.

రెడీమిక్స్ తెప్పించుకుంటే ఈ బాధలు ఉండవని కొందరు అంటారు. ప్లాంటులో నీళ్లు కొలిచే కలుపుతారు, నిజమే. అయితే రెండు క్యూబిక్ మీటర్లకు లారీ పంపడానికి చాలా ప్లాంట్లు ఇష్టపడవు. ఇరుకు వీధిలోకి ఆ లారీ రాదు. వచ్చినా, లోడు ఎక్కించిన రెండు గంటల లోపు దించాలన్నది నిబంధన. ట్రాఫిక్‌లో ఆలస్యమై బిగుసుకున్న కాంక్రీటులో సైటు దగ్గర పైపుతో నీళ్లు కొట్టిస్తే ప్లాంటులో కొలిచిన దానికి అర్థం లేకుండా పోతుంది. ఇరుగుపొరుగు మూడు నాలుగు ఇళ్లవాళ్లు కలిసి ఒకే రోజు పోయించుకుంటే మాత్రం రెడీమిక్స్ మంచి దారి. చలానా మీద లోడింగ్ సమయం చూసుకోవాలి.

గేటు బయటి సంగతి వేరు. రోడ్డు కన్నా ఇల్లు ఒక అడుగు ఎత్తుంటే, కారు అడుగుభాగం తగలకుండా ఎక్కడానికి ఎనిమిది అడుగుల వాలు కావాలి. గేటు ముందు మూడు అడుగులే ఉన్నాయని మిగతా ఐదు అడుగులూ రోడ్డు మీదికి, మురుగుకాలువ మీదికి జరిపేయడం మన పట్టణాల్లో ఆనవాయితీ అయింది. కాలువ మూసుకుపోతే వీధిలో వాన నీరు నిలిచేది అందరి ఇళ్ల ముందే. హైదరాబాద్‌లో మున్సిపల్ సిబ్బంది ఫుట్‌పాత్‌ల మీది ర్యాంపుల్ని కూల్చడం తరచూ చూస్తున్నదే. ఆ కూల్చివేతల్లో పోయేది ఇంటివాళ్ల డబ్బే, మేస్త్రిది కాదు. వాలుని గేటు లోపలికి తెచ్చుకోవడం న్యాయం. కాలువ దాటాల్సిన చోట తీసి శుభ్రం చేసే ఇనుప జాలీ పెట్టించడం పొరుగువాళ్ల పట్ల మర్యాద.

లోపలి పలకకు అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. 20 అడుగులకు ఐదు అంగుళాలు. ఏ దిక్కుకి అన్నది ముందే తేలాలి. ఇంటాయన మనసులో నీళ్లు ఈశాన్యానికి పోవాలి, రోడ్డేమో పడమట ఉంటుంది. మేస్త్రి చేతిలో లెవెల్ పైపు ఉన్నప్పుడు ఈ చర్చ మొదలైతే, చివరికి నీళ్లు గుమ్మం దగ్గరే నిలుస్తాయి. ఆ నీళ్లు వీధిలోకి కాకుండా ఇంకుడు గుంతలోకి పోయేలా చేస్తే ఇంకా మేలు. వాన నీటి సంరక్షణ ఏర్పాట్ల గురించి 2002 నాటి వాల్టా చట్టమే చెప్పింది. ఆవరణ మొత్తం కాంక్రీటు చెయ్యాలన్న ఆరాటం వద్దు. చక్రాలు నడిచే మేర పోసి, మిగతా చోట నేలను నేలగా వదిలిన ఇళ్లలో బోర్లకి కాస్త ఊపిరి ఉంటుంది.

ఇంతకీ మేస్త్రిని ఎలా ఎంచుకోవాలి? కొత్త పని చూసి కాదు. కొత్త కాంక్రీటు అంతా బాగానే ఉంటుంది. రెండు మూడేళ్ల కిందట అతను పోసిన రెండు పార్కింగ్‌లు చూపించమనాలి, వీలైతే వాన వెలిసిన సాయంత్రం వెళ్లి చూడాలి. నీళ్లు ఎక్కడ నిలిచాయో, నెర్రెలు జాయింట్ల దగ్గర ఉన్నాయో అడ్డదిడ్డంగా ఉన్నాయో, బూటుతో రాస్తే దుమ్ము లేస్తుందో లేదో కళ్లకే తెలుస్తుంది. ఆ ఇంటివాళ్లని ఒకే ప్రశ్న అడిగితే చాలు: ‘‘పని అయ్యాక పిలిస్తే వచ్చాడా?’’ దగ్గరి మేస్త్రిని పెట్టుకోవడంలో ఉన్న పెద్ద లాభం ఇదే. తను పోసిన పలక ముందు నుంచే రోజూ బండి మీద పోతుంటాడు, ఆ వీధిలోనే రేపు ఇంకో పని అడగాలి. ఏదో యాప్‌లో దొరికి, పని అయ్యాక ఫోను ఎత్తని మనిషికి ఆ భయం లేదు.

స్థానిక కాంట్రాక్టరు పూచీ అనేది కొత్త ఆలోచన కూడా కాదు. 1890ల తొలినాళ్లలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బెల్‌ఫౌంటెన్ అనే చిన్న ఊళ్లో జార్జ్ బార్తొలొమ్యూ అనే సిమెంటు తయారీదారు తమ వీధికి కాంక్రీటు వేస్తానన్నాడు. ఊరి కౌన్సిల్ అతని చేత ఐదు వేల డాలర్ల బాండు పెట్టించి, ఐదేళ్ల హామీ తీసుకుంది. ఆ కాంక్రీటులో కొంత భాగం ఇప్పటికీ కోర్ట్ అవెన్యూలో ఉంది. మన ప్రభుత్వ పనుల్లోనూ బిల్లులోంచి కొంత శాతం పట్టి ఉంచి, నిర్ణీత గడువు దాకా లోపాలకు కాంట్రాక్టరునే బాధ్యుణ్ణి చేస్తారు. పల్లెలో ఉపాధి హామీ నిధులతో వేసే సీసీ రోడ్డుకి కూడా కొలతలు నమోదు చేసే ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, మందం మూడూ రాస్తారు. సొంత డబ్బుతో వేయించుకునే ఇంటి ముందు పనికి ఒక్క కాగితం ఉండదు.

ఆ ఒక్క కాగితం రాసుకోవాలన్నదే ఇక్కడ అడుగుతున్నది. లాయరు అక్కర్లేదు, నోట్‌బుక్‌లోంచి చింపిన పేజీ చాలు. మొరం ఎన్ని అంగుళాలు, కాంక్రీటు ఎన్ని అంగుళాలు, ఏ సిమెంటు, ఎన్ని బస్తాలు, బస్తాకి 30 లీటర్ల నీళ్లు, జాయింట్లు ఎన్ని, వాలు ఏ వైపుకి, తడిపేది ఎవరు, మొత్తం ఎంత, ఎప్పుడెప్పుడు ఇస్తారు. కింద ఇద్దరి సంతకాలు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటి మాట కూడా ఒప్పందమే, కానీ దాన్ని రుజువు చేయడం ఎవరి తరం? కాగితం రాయడానికి మేస్త్రి మొహమాటపడితే అవే మాటలు వాట్సాప్‌లో పంపి, సరేనని జవాబు తీసుకున్నా ఆధారం ఉంటుంది. డబ్బు నగదుగా కాకుండా యూపీఐలో ఇస్తే తేదీలు వాటంతట అవే నిలుస్తాయి. పని పాడై, మేస్త్రి పట్టించుకోకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లవచ్చు. ఇంటి నిర్మాణం ఆ చట్టం చెప్పే సేవల్లో ఒకటి. ఐదు లక్షల లోపు పనులకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి, 1915కి ఫోను చేస్తే దారి చెబుతారు. అయితే అక్కడ కూడా మొదట అడిగేది ఆ కాగితమే.

కాగితం మేస్త్రికి కూడా రక్షణ. పని మధ్యలో ‘‘ఈ పక్కన ఇంకో రెండడుగులు కూడా పోసెయ్ అన్నా’’ అని చెప్పి చివర్లో ఆ డబ్బు ఇవ్వని ఇళ్లు తక్కువేం లేవు. శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో వచ్చి ఎండలో తట్టలు మోసిన కూలీలకు మేస్త్రి ఆ సాయంత్రమే లెక్క తేల్చాలి. ఇంటాయన బిల్లు నెల రోజులు నానబెడితే అప్పు తెచ్చి ఇవ్వాల్సింది అతనే. అందువల్ల డబ్బు విడతల్లో న్యాయం ఇలా ఉంటే బాగుంటుంది: సామాన్లకు సరిపడా బయానా, నేల కుదించి చూపించాక ఒక భాగం, కాంక్రీటు పోసిన సాయంత్రానికి కూలీలకు ఇబ్బంది లేకుండా పెద్ద భాగం, చివరి పదో వంతు మాత్రం 28 రోజుల తర్వాత. ఆ పదో వంతు ఆ తేదీకి అడగకుండానే మేస్త్రి చేతికి వెళ్లాలి. దాన్ని ఎగ్గొట్టడానికి కొత్త వంకలు వెతికే యజమానికి నాణ్యత గురించి మాట్లాడే అర్హత లేదు.

రేటు కూడా అప్పుడు వేరే రకంగా అడగవచ్చు. అడుగుకి ఎంత అని కాకుండా, నాలుగు అంగుళాల మందానికి, ఆరంగుళాల మొరంతో, వైబ్రేటర్‌తో, జాయింట్లు కోసి ఇవ్వడానికి మొత్తం ఎంత అని ముగ్గురు మేస్త్రీలను అడిగితే వాళ్లు చెప్పే ధరలు మొదటిసారిగా ఒకే పనికి చెప్పిన ధరలవుతాయి. వాటిలో అన్నిటికన్నా తక్కువ చెప్పినవాడు ఎక్కడ తగ్గించాడో అప్పుడు అతన్నే అడగవచ్చు. మంచి మేస్త్రి ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. తన పని తెలిసినవాడికి ఆ ప్రశ్న, పని విలువ తెలిసిన మనిషి దొరికాడన్న ధైర్యాన్నిస్తుంది.

ముహూర్తం సంగతి కూడా తేల్చుకోవాలి. గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు పోసిన కాంక్రీటు మీద షామియానా గుంజలు పాతుతారు, వంటవాళ్లు పొయ్యిలు పెడతారు, బంధువుల కార్లు నిలుస్తాయి. కనీసం నెల రోజుల ముందైనా పోయించాలి, లేదంటే వేడుక అయ్యేదాకా మొరం మీదే గడిపేయాలి. కార్తీక, మార్గశిర మాసాల్లో ఎండ తీవ్రత ఉండదు, చాలా చోట్ల వానలు వెనకబడతాయి, నేల అప్పటికే ఒక వానాకాలం తాగి దిగవలసినంత దిగి ఉంటుంది. పార్కింగ్‌ని ఆ నెలలకి వాయిదా వేసుకుని, ఆ లోపు మూడేళ్ల నాటి పలకలు నాలుగు చూసి వచ్చి, అప్పుడు మేస్త్రిని పిలిస్తే ఇద్దరికీ తొందర ఉండదు.